ఎక్స్‌రే నార్మల్, గజ్జల్లో నొప్పి మాత్రం పోవట్లేదు. ఏవీఎన్ అంటున్నారు. ఇది ఎవరెవరికి వస్తుంది?

పీఈటీ మాస్టారు · జనవరి 18, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నా వయసు 36. తణుకు దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో ఆటలు నేర్పిస్తాను. ఏడు నెలలుగా కుడి గజ్జల్లో నొప్పి. మొదట్లో పిల్లలతో పరిగెత్తిన రోజు సాయంత్రం మాత్రమే ఉండేది. తర్వాత తొడ మీదుగా మోకాలి దాకా దిగింది. చూపిస్తే సయాటికా అన్నారు. నడుముకి ఎమ్మారై తీస్తే ఎల్4–ఎల్5 దగ్గర డిస్కు ఉబ్బిందన్నారు. ఇక నాలుగు నెలలు ఆ డిస్కుకే వైద్యం. బెల్టు కట్టాను, ట్రాక్షన్ వేయించుకున్నాను, కరెంటు పెట్టించుకున్నాను. తుంటికి ఎక్స్‌రే తీస్తే నార్మల్ అని వచ్చింది.

నాకు అనుమానం మొదలైంది పంట్లాం దగ్గర. నిలబడి కుడికాలు పంట్లాంలోకి ఎత్తలేకపోతున్నాను. మంచం అంచున కూర్చుని, పంట్లాం నేలమీద వేసి, అందులోకి కాలు జార్చి, బోదెలో గేలం లాగినట్టు పైకి లాక్కుంటున్నాను. ఆ కాలి గోళ్ళు మా ఆవిడ తీస్తోంది. మొన్న ఖోఖోలో ఎలా కూర్చోవాలో చూపిద్దామని గొంతుకు కూర్చోబోయి పక్కకి దొర్లాను. పిల్లలు కావాలని చేశాననుకుని చప్పట్లు కొట్టారు.

పోయిన వారం రాజమండ్రిలో ఒక ఎముకల డాక్టరు గారు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచి, కాలు అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది నడుము కాదు, తుంటి. రక్తం అందక ఎముక చచ్చుబడి ఉండొచ్చు, ఏవీఎన్ అంటారు, ఎమ్మారై తీయించండి" అన్నారు. స్టెరాయిడ్లు వాడారా, మందు తాగుతారా అని గుచ్చి గుచ్చి అడిగారు. స్టెరాయిడ్ జన్మలో ఎరగను. మందంటే సంక్రాంతికి రెండు బీర్లు. సిగరెట్ లేదు. పడిందీ లేదు, దెబ్బ తగిలిందీ లేదు. మరి నాకెందుకొస్తుంది? ఎమ్మారై డబ్బు దండగేమో అని మా నాన్న గొడవ. మీలో ఎవరికైనా ఇది వచ్చిందా?

కట్లూ కర్రలూ · జనవరి 18, రాత్రి 11:25

మాస్టారూ, నేను ఎముకల విభాగంలో పీజీ చేస్తున్నాను, మూడో ఏడాది. ఇప్పుడే డ్యూటీ దిగాను. మీ కాలు చూసింది ఆయన, నేను కాదు. కానీ ఆయన చేసింది సరైన పరీక్షే. తుంటి పాడవుతుంటే ముందు తగ్గేది కాలు లోపలికి తిరగడం. గజ్జల్లో మొదలై మోకాలి దగ్గర ఆగే నొప్పి చాలాసార్లు తుంటిదే. సయాటికా అయితే పిరుదులోంచి పిక్క మీదుగా పాదం దాకా జివ్వుమని దిగుతుంది. ముప్పై దాటినవాళ్ళ నడుముకి ఎమ్మారై తీస్తే డిస్కు ఉబ్బడం ఎంతోమందిలో కనపడుతుంది, ఏ నొప్పీ లేనివాళ్ళలో కూడా. అది దొరికిందంటే ఇక మిగతాది ఎవరూ వెతకరు, అదే వచ్చిన చిక్కు.

ఎక్స్‌రే నార్మల్ అంటే ఏవీఎన్ లేదని అర్థం కాదు. ఎముకలో జీవకణాలు చచ్చినా దాని ఆకారం, సున్నం కొన్ని నెలలపాటు అలాగే ఉంటాయి. ఎక్స్‌రేకి ఆ తేడా తెలియదు, ఎమ్మారైకి తెలుస్తుంది.

మాదీ డెల్టానే కాబట్టి మన భాషలో చెప్తాను. తొడ ఎముక పైకొనన ఒక బంతి, అది తిరగడానికి కటి ఎముకలో ఒక గిన్నె. ఆ బంతికి రక్తం ముఖ్యంగా ఒక్క ధమని నుంచి, ఎముక మెడని అంటిపెట్టుకుని పైకి పాకే దారాల్లాంటి కొమ్మల్లోంచి అందుతుంది. అంటే శివారు చేను. కాలవ ఎక్కడ తెగినా ఎక్కడ పూడినా ముందు ఎండేది శివారే కదా. మెడ విరిగినా, కీలు జారినా కాలవ తెగుతుంది. స్టెరాయిడ్లు, మద్యం వల్ల మజ్జలోని కొవ్వు కణాలు ఉబ్బి, లోపల ఒత్తిడి పెరిగి, సన్న నాళాలు నలిగిపోతాయి, పూడిపోతాయి. సికిల్ సెల్ ఉన్నవాళ్ళలో కొడవళ్ళలా వంకరపోయిన ఎర్రకణాలు అడ్డుపడతాయి.

ఇవి కాక లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడిచేసే జబ్బు) ఉన్నవాళ్ళు, కిడ్నీ మార్పిడి అయినవాళ్ళు, రక్త క్యాన్సర్‌కి వైద్యం చేయించుకున్న పిల్లలు, తుంటి దగ్గర రేడియేషన్ పడినవాళ్ళు, గాషే అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవాళ్ళు, సముద్రం అడుగున పనిచేసే డైవర్లు. ఎక్కువగా 30 నుంచి 50 ఏళ్ళ మధ్య, అందులో మగవాళ్ళు ఎక్కువ. ఎంత వెతికినా కారణం దొరకనివాళ్ళు కూడా ఉంటారు, మీరు ఆ జాబితాలో ఉండొచ్చు.

ఎమ్మారై మాత్రం రెండు తుంట్లకీ తీయించండి. దెబ్బ వల్ల కాకుండా వచ్చిన ఏవీఎన్ సగానికి పైగా మందిలో రెండో వైపు కూడా ఉంటుంది. అది నొప్పి లేకుండానే మొదలవుతుంది.

గుట్టకింది మల్లన్న · జనవరి 19, ఉదయం 7:02

అన్నా, నాది కరీంనగర్ దిక్కు. నాకు రెండు తుంట్లు మార్చిన్రు. గందుకే చెప్తున్న, ఎమ్మారై ఆపకు.

2021 మే నెలల కరోనా వచ్చింది. దవాఖానల పదకొండు దినాలు ఉన్న. ఆక్సిజన్ పెట్టిన్రు, సూదులిచ్చిన్రు, బతికి బయటపడ్డ. ఆళ్లను నేనేం అనను, మా వార్డుల పక్క మంచాలు ఎట్ల ఖాళీ అయినయో చూసిన. ఇంటికి పంపేటప్పుడు స్టెరాయిడ్ గోళీలు రాసిచ్చిన్రు, నెల దినాలు మెల్లగ తగ్గించుకుంట మింగుమన్నరు. మింగిన. అయిపోయినంక గూడ దమ్ము వస్తదేమోనని బుగులు. అదే చీటి పట్టుకపోయి షాపుల ఇంకో నెలకు తెచ్చుకున్న. ఎవరు తెచ్చుకోమనలే, ఎవరు వద్దనలే. ఆకలి మస్తు అయ్యేది, మొఖం గుండ్రంగ అయింది. మా అవ్వ "కొడుకు కోలుకుంటున్నడు" అని సంబురపడ్డది.

ఎనిమిది నెలలకు కుడి దిక్కు గజ్జల నొప్పి షురువైంది. సకలంముకలం కూసుందామంటే మోకాలు నేలకు ఆనలే. నేను వాతం అనుకొని నూనె రాపిచ్చుకున్న. ఐదు నెలలు గట్లనే పోయినయి. ఎమ్మారై తీసేసరికి బంతి కుంగిపోయింది. 2022ల కుడిది, 2023ల ఎడమది మార్చిన్రు. ఇప్పుడు బండి నడుపుత, పొలంకాడికి పోత. కింద కూసునుడు బందు.

సాయంత్రం సంగతులు · జనవరి 19, ఉదయం 10:15

ఇక్కడ మందు గురించి ఎవరూ సరిగా చెప్పట్లేదు. ఎంత తాగితే వస్తుందో లెక్క చెప్పండి డాక్టరమ్మా. ఒక స్నేహితుడి కోసం అడుగుతున్నా.

మందుల కొట్టు బాబాయ్ · జనవరి 19, మధ్యాహ్నం 1:30

ఆ స్నేహితుడు రోజూ అద్దంలో కనపడతాడేమో చూసుకో అబ్బాయ్.

లెక్క నేను చెప్తా. ఎముక చచ్చుబడటం మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటుంది, ఆర్కో అంటారు. వాళ్ళు 2019లో ఒక గీత గీశారు. వారానికి 400 మిల్లీలీటర్లకి మించి శుద్ధ ఆల్కహాలు, అదీ ఆరు నెలలు దాటి తాగినవాడికి ఏవీఎన్ వస్తే దాన్ని మద్యం పద్దులో రాస్తారు. మన క్వార్టర్ సీసా 180 మిల్లీ, మీద 42.8 శాతం అని ఉంటుంది. అంటే ఒక క్వార్టర్లో దగ్గర దగ్గర 77 మిల్లీ ఆల్కహాలు. రోజుకొకటి చొప్పున వారానికి 539. గీత ఎప్పుడో దాటిపోయింది. వారానికి ఐదు అయితే 385, గీత మీద నడుస్తున్నాడన్నమాట. ఎనిమిది శాతం స్ట్రాంగ్ బీరు పెద్ద సీసాలో 52 ఉంటుంది, ఎనిమిది సీసాలతో వారం కోటా అయిపోద్ది.

సాయంత్రం సంగతులు · జనవరి 19, మధ్యాహ్నం 1:52

స్నేహితుడు వారానికి ఆరు. ఆదివారం వాళ్ళావిడ ఇంట్లో ఉంటుంది. ఈ బీరు లెక్క కూడా కలపాలా?

కట్లూ కర్రలూ · జనవరి 19, సాయంత్రం 6:40

కలపాలండి. అయితే బాబాయ్ గారు చెప్పిన గీత పరిశోధనలో రోగుల్ని విడదీయడానికి గీసుకున్నది. 399 దగ్గర ఆగిపోతే ఎముకకి అభయం ఇచ్చినట్టు కాదు. పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది, అంతే.

స్టెరాయిడ్‌కి కూడా అదే బృందం ఒక లెక్క పెట్టింది: మూడు నెలల్లో మొత్తం 2000 మిల్లీగ్రాములకి మించి ప్రెడ్నిసలోన్, లేదా దానికి సమానమైనది. మల్లన్న గారి కేసు వేసి చూద్దాం (మన్నించండి అన్నా, అంకెలు నావి, మీ చీటీ నేను చూడలేదు). ఆసుపత్రిలో రోజుకి 80 మిల్లీగ్రాముల మిథైల్ ప్రెడ్నిసలోన్ ఇచ్చారనుకుందాం, అది 100 ప్రెడ్నిసలోన్‌తో సమానం. 11 రోజులకి 1100. ఇంటికొచ్చాక పది రోజులు 40, పది రోజులు 30, పది రోజులు 20 అంటే ఇంకో 900. అక్కడికే 2000 అయింది. తనంతట తాను తెచ్చుకున్న రెండో నెల రోజుకి 20 అనుకున్నా 600. పైకెళ్ళింది ఆ 600 వల్లే.

కరోనాకి స్టెరాయిడ్ ఇవ్వడమే తప్పని దీన్నిబట్టి అనుకోవద్దు. 2020 జూన్‌లో బ్రిటన్‌లో రోగుల మీద మందుల్ని పోల్చి చూసిన 'రికవరీ' అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. ఆక్సిజన్ మీదున్నవాళ్ళకి రోజుకి 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, గరిష్ఠంగా పది రోజులు, దానితో ప్రాణాలు నిలిచాయి. మొత్తం కలిపితే అది 400 ప్రెడ్నిసలోన్‌కి సమానం, గీతకి చాలా దూరం. 2003లో సార్స్ వచ్చినప్పుడు చైనా, హాంకాంగ్‌లలో భారీ మోతాదులు తీసుకున్నవాళ్ళకి ఏవీఎన్ రావడం చూశారు కాబట్టి ఈ సంగతి కొత్తదేమీ కాదు. కానీ 2021లో ముంబై వైద్యులు ప్రచురించిన మూడు కేసుల్లో సగటు మోతాదు 758 మిల్లీగ్రాములే, కరోనా తేలిన సగటున 58 రోజులకే నొప్పి మొదలైంది. తక్కువ మోతాదులో ఇంత త్వరగా ఎందుకు వచ్చిందంటే, కరోనా కూడా నాళాల్లో రక్తం గడ్డకట్టేలా చేస్తుంది కదా, రెండూ కలిసి ఉండొచ్చు అన్నారు.

అరకు దారి · జనవరి 19, రాత్రి 8:20

నేను పాడేరు ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాల టీచర్ని. స్టెరాయిడ్, మందు తప్ప ఇంకేం లేనట్టు మాట్లాడుకుంటున్నారు గానీ, ఇక్కడ కొండల మీద ఇది పిల్లలకి వస్తుంది.

మా తొమ్మిదో తరగతి అమ్మాయి కుంటుతూ నడిచేది. ఏటి దగ్గర జారిందని ఒకరు, చేతబడని ఒకరు. వాళ్ళమ్మ కాలికి తాయెత్తు కట్టించింది. ఆ పిల్లకి చిన్నప్పటినుంచీ చలికాలం వస్తే చాలు, ఎముకలు నొప్పులని ఏడ్చేదట. సికిల్ సెల్ పరీక్షలకి వచ్చినవాళ్ళు వేలు గుచ్చి చూశారు, తర్వాత విశాఖపట్నం పంపి ఖాయం చేశారు. సికిల్ సెల్ జబ్బు. తుంటికి ఎమ్మారై తీస్తే ఎడమ వైపు చచ్చుబడి ఉంది.

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టారు. 40 ఏళ్ళ లోపు ఏడు కోట్ల మందికి పరీక్ష చేసి, 2047 నాటికి నిర్మూలించాలని లక్ష్యం. పరీక్ష అయినవాళ్ళకి కార్డు ఇస్తున్నారు. మా హాస్టల్లో ఆ కార్డుల్ని రేషన్ కార్డుల్లా గోడకి తగిలించిన సంచిలో పెట్టాం. ఆదిలాబాద్, ఉట్నూరు, భద్రాచలం వైపు టీచర్లెవరైనా ఇది చదువుతుంటే, కుంటే పిల్లని పీటీ నుంచి తప్పించుకోడానికి నటిస్తోందని తిట్టకండి. నేను తిట్టాను కాబట్టి చెప్తున్నా.

కట్లూ కర్రలూ · జనవరి 19, రాత్రి 9:05

టీచర్ గారూ, ఒక్క మాట. జబ్బు వేరు, జీన్ మోసేవాళ్ళు వేరు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఇద్దరి దగ్గరా వచ్చినవాళ్ళకే ఈ ముప్పు అంతా. ఒక్కరి నుంచే వచ్చినవాళ్ళకి మామూలుగా తుంటి బాధ ఉండదు. అమ్మాయికి నీళ్ళు బాగా తాగించడం, చలి తగలకుండా చూడటం, హైడ్రాక్సీయూరియా రాసి ఉంటే మానకుండా వేయడం. భుజం నొప్పి అన్నా తేలిగ్గా తీసుకోకండి, భుజం బంతికి కూడా ఇదే వస్తుంది. సికిల్ సెల్ జబ్బు 2016 దివ్యాంగుల హక్కుల చట్టం జాబితాలో ఉంది, సదరం సర్టిఫికెట్ సంగతి కనుక్కోండి.

మిరప మడి · జనవరి 20, ఉదయం 6:10

మా అక్క కొడుక్కి ఆరేళ్ళు, వాడికీ ఇట్లాంటిదే చెప్పినారు. పెర్తీస్ అని. వాడు స్టెరాయిడ్ తినలేదు, సికిల్ సెల్ లేదు. ఇదీ అదేనా?

కట్లూ కర్రలూ · జనవరి 20, మధ్యాహ్నం 2:15

రక్తం అందకపోవడం వరకూ అదే, మిగతా కథ వేరు. నాలుగు నుంచి పదేళ్ళ లోపు పిల్లలకి, అందులో మగపిల్లలకి నాలుగైదు రెట్లు ఎక్కువగా వస్తుంది. ఎందుకొస్తుందో ఇప్పటికీ తేలలేదు. పిల్లల ఎముక మళ్ళీ కట్టుకుంటుంది, రెండు మూడేళ్ళు పడుతుంది. ఆ లోపు బంతి గిన్నెలోంచి బయటికి జరగకుండా, గుండ్రం పోకుండా కాపాడటమే వైద్యం. చిన్న వయసులో వస్తేనే మంచి ఫలితం. ఇక్కడ మాస్టారి కేసు చూసి వాళ్ళని భయపెట్టకండి.

డాలస్ దబ్బకాయ · జనవరి 20, రాత్రి 8:44

మా ఆవిడకి లూపస్. పదేళ్ళుగా స్టెరాయిడ్ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. గజ్జల్లో కాస్త పట్టేసినట్టుందని చెప్తే రూమటాలజిస్టు ఎక్స్‌రే జోలికి పోకుండా నేరుగా ఎమ్మారై రాసింది. నయం, ఏమీ లేదు. ఇంకో సంగతి, ఇక్కడ బో జాక్సన్ అని అమెరికన్ ఫుట్‌బాల్, బేస్‌బాల్ రెండూ ఆడినవాడు ఉన్నాడు. 1991 జనవరిలో ఫుట్‌బాల్ ఆటలో తుంటి కీలు జారింది. తర్వాత బంతికి రక్తం ఆగి, 1992లో కీలు మార్చాల్సొచ్చింది. 1993లో ఆ కీలుతోనే బేస్‌బాల్‌కి తిరిగొచ్చాడు. మాస్టారూ, మీరు ఆటలవాళ్ళు కదా అని చెప్పాను.

మందుల కొట్టు బాబాయ్ · జనవరి 21, ఉదయం 9:30

మాస్టారూ, రెండు రోజులనించి నాకొకటి తొలుస్తోంది. స్టెరాయిడ్ ఎరగనన్నావు. గుంటూరులో ముప్పై ఏళ్ళుగా కొట్టు నడుపుతున్నా, ఆ మాట అన్న ప్రతివాడినీ నేను నాలుగు ప్రశ్నలు అడుగుతా.

దద్దుర్లకో, ఆయాసానికో, మోకాళ్ళకో ఎవరి దగ్గరైనా పొట్లం మందు వాడావా? పేరు లేని మాత్రలు, పొడి, లేహ్యం? అది వేసుకోగానే రెండు రోజుల్లో మాయ చేసినట్టు తగ్గిందా? ఆకలి పెరిగిందా, బుగ్గలు వచ్చినయ్యా? మానేస్తే నీరసంతో లేవలేకపోయావా?

పీఈటీ మాస్టారు · జనవరి 21, రాత్రి 10:50

బాబాయ్ గారూ, మీ మెసేజ్ మధ్యాహ్నం చూశాను. అప్పటినుంచీ చేతులు ఆడట్లేదు.

నాకు చిన్నప్పటినుంచీ పిల్లికూతలు. మైదానంలో దుమ్ముకి ఎక్కువయ్యేది. రెండేళ్ళ కిందట మా పెద్దమ్మ చెప్పిందని ఒకాయన దగ్గరికి వెళ్ళాను. మూలికల పొడి అన్నాడు. పాత నోటు పుస్తకం కాగితాల్లో కట్టిన పొట్లాలు, పొద్దున్నే ఒకటి తేనెలో కలిపి నాకాలి. లవంగం వాసన వస్తుంది, ఆ వెనకే నాలిక మీద చేదు అంటుకుంటుంది. మూడో రోజుకి పిల్లికూత మాయం. ఇన్‌హేలర్ అవతల పారేశాను. ఆ ఏడాది ఎనిమిది కిలోలు పెరిగాను. స్టాఫ్ రూంలో "మాస్టారికి పెళ్ళికళ వచ్చింది" అనేవారు. నాకు పెళ్ళై తొమ్మిదేళ్ళు. పొట్లాలు అయిపోయిన వారం ఒళ్ళంతా కొట్టినట్టు ఉండేది, మళ్ళీ తెచ్చుకుంటే లేచి తిరిగేవాణ్ణి. దాన్నే మందు గుణం అనుకున్నాను.

మీది చదివాక మిగిలినవన్నీ కాలవలో పారేశాను. ఇక ముట్టను.

మందుల కొట్టు బాబాయ్ · జనవరి 21, రాత్రి 10:58

అయ్యో, అన్నీ పారేయకు నాయనా! ఒకటన్నా ఉంటే దాచు, డాక్టరుకి చూపించాల. డాక్టరమ్మా, ఇటు రా తల్లీ, త్వరగా.

కట్లూ కర్రలూ · జనవరి 21, రాత్రి 11:10

మాస్టారూ, ఇది జాగ్రత్తగా చదవండి. అందులో స్టెరాయిడ్ ఉందో లేదో పరీక్ష చేస్తేగానీ తెలియదు. కానీ ఉండి ఉంటే, రెండేళ్ళు వాడినదాన్ని ఒక్కసారిగా ఆపకూడదు. మన కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు రోజూ సొంతంగా కార్టిసాల్ అనే స్టెరాయిడ్ తయారుచేస్తాయి. బయటనుంచి వస్తుంటే అవి పని మానేస్తాయి. ఉన్నట్టుండి బయటిది ఆపితే లోపల తయారుగా ఏమీ ఉండదు. బీపీ పడిపోవడం, వాంతులు, కళ్ళు తిరగడం, ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. రేపు పొద్దున్నే జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళి పొట్లాల సంగతి దాచకుండా చెప్పండి. ఎనిమిది గంటలకల్లా కార్టిసాల్ పరీక్షకి రక్తం ఇవ్వండి. రాత్రి వాంతులైనా, నిలబడలేకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, నేరుగా క్యాజువాలిటీకి.

పారేసిన ఇన్‌హేలర్ కొత్తది తీసుకోండి. పీల్చే మందులో ఉండేది మైక్రోగ్రాముల లెక్క. ఎముక భయంతో అది మానేసి ఆయాసం తెచ్చుకోవడం తెలివి కాదు.

కండల రాజా · జనవరి 22, మధ్యాహ్నం 12:20

మా జిమ్‌లో కుర్రాళ్ళు స్టెరాయిడ్ సూదులు వేసుకుంటారు. వాళ్ళకీ తుంటి పోతుందా?

కట్లూ కర్రలూ · జనవరి 22, మధ్యాహ్నం 3:30

పేరొకటే, జాతి వేరు. అవి మగ హార్మోన్ రకం. ఇక్కడ మాట్లాడుకుంటున్నవి కార్టిసోన్ రకం. జిమ్ సూదులు గుండెనీ కాలేయాన్నీ ఏం చేస్తాయో ఇంకో దారం తెరవండి, అక్కడ రాస్తాను.

పీఈటీ మాస్టారు · జనవరి 25, సాయంత్రం 5:15

క్షమించాలి, మూడు రోజులు కనపడలేదు. 22న పొద్దున్న స్నానాల గదిలో కళ్ళు బైర్లు కమ్మి గోడ పట్టుకున్నాను. మా ఆవిడ ఫోన్లో ఈ దారం చూపించి క్యాజువాలిటీలో మాట్లాడింది. బీపీ 80/50. సెలైన్, సూది పడ్డాక లేచి కూర్చున్నాను. సూది పడకముందే తీసిన రక్తంలో కార్టిసాల్ బాగా తక్కువగా వచ్చింది. ఇప్పుడు హైడ్రోకార్టిసోన్ మాత్రలు రాశారు, నెలల తరబడి మెల్లగా తగ్గిస్తారట. జన్మలో ఎరగనన్న మందుని ఇప్పుడు అలారం పెట్టుకుని వేసుకుంటున్నాను.

ఎమ్మారై కూడా అయింది, రెండు వైపులా. కుడి రెండో దశ, ఎడమ మొదటి దశ. ఎడమలో ఈ రోజుకీ చీమ కుట్టినంత నొప్పి లేదు. బంతులు రెండూ ఇంకా గుండ్రంగానే ఉన్నాయన్నారు.

పొట్లం ఒకటి దొరికింది. పెద్దమ్మ ఇంట్లో, పోపుల డబ్బా వెనక. డాక్టరు గారికి ఇచ్చాను.

గుట్టకింది మల్లన్న · జనవరి 25, సాయంత్రం 6:00

గుండ్రంగున్నయా! అన్నా, నువ్వు బచాయించినవ్. నాకు చూసేవరకే పింగ్‌పాంగ్ బంతిని బొటనవేలితోని ఒత్తినట్టు అయిపోయింది.

ప్రకృతి మార్గం · జనవరి 25, రాత్రి 7:45

ఆపరేషన్ అవసరం లేదు. 41 రోజుల తైల చికిత్సతో చచ్చిన ఎముక చిగురిస్తుంది. నూరు శాతం గ్యారంటీ. వివరాలకు నా ప్రొఫైల్ చూడండి.

అరుగు నిర్వాహకుడు · జనవరి 25, రాత్రి 7:58

పై సభ్యుడి ప్రొఫైల్లో ఫోన్ నంబరు, ధరల పట్టిక ఉన్నాయి. ఖాతా ఆపాం. పోస్టు మాత్రం ఉంచుతున్నాం, ఈ దారంలో అలాంటిదొకటి కళ్ళకి కనపడాలి.

కట్లూ కర్రలూ · జనవరి 25, రాత్రి 11:40

మాస్టారూ, బీపీ 80/50 అని చదివి గుండె ఆగినంత పనైంది. ఇక తుంటి సంగతి.

చచ్చిన ముక్క వెంటనే కూలదు. ఒళ్ళు దాన్ని మెల్లగా తొలిచి, ఆ చోట కొత్త ఎముక పోయాలని చూస్తుంది. తొలవడం వేగంగా, పోయడం నిదానంగా సాగుతుంది కాబట్టి మధ్యలో ఆ భాగం చెదపట్టిన దూలంలా అవుతుంది. బరువు పడ్డప్పుడు పైపెంకు కింద సన్నగా చీలుతుంది, ఎక్స్‌రేలో నెలవంకలా కనపడుతుంది. ఆ తర్వాత గుండ్రం పోతుంది. నెలవంక రాకముందు చేసే వైద్యం ఒకటి, వచ్చాక చేసేది ఇంకొకటి.

మీకు కోర్ డీకంప్రెషన్ అంటారనుకుంటాను. తొడ పక్కనుంచి డ్రిల్‌తో బంతిలోకి సన్నటి సొరంగం తీసి, లోపలి ఒత్తిడి తగ్గించి, కొత్త నాళాలకి దారి ఇవ్వడం. కొన్నిచోట్ల రోగి సొంత మజ్జ తీసి అందులో నింపుతారు. దాని ఫలితాలు కొన్నిచోట్ల బాగున్నాయి, కొన్నిచోట్ల తేడా లేదు. ఎముక కరగడాన్ని తగ్గించే అలెండ్రోనేట్ మాత్రల సంగతీ అంతే. చచ్చిన ముక్క చిన్నదై, బరువు పడని చోట ఉంటే బాగా నిలుస్తుంది. పెద్దదైతే సొరంగం తీసినా కూలొచ్చు. ఈ మాట మీకు ఆపరేషన్‌కి ముందే చెప్పాలి, తర్వాత కాదు. మత్తు డాక్టరుకి కార్టిసాల్ సంగతి తప్పనిసరిగా చెప్పండి. ఆ రోజు స్టెరాయిడ్ పెంచి ఇవ్వాలి.

ఒకవేళ ఎప్పటికైనా మార్పిడి దాకా వెళ్ళినా, 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం మార్చిన తుంట్లలో 58 శాతం పాతికేళ్ళు నిలుస్తాయి. మీ వయసుకి ఆ పాతికేళ్ళు చాలవు, అందుకే సొంత బంతిని వీలైనంత కాలం కాపాడుకోవాలని చూస్తారు.

సాయంత్రం సంగతులు · ఫిబ్రవరి 2, రాత్రి 9:10

స్నేహితుడు వారానికి రెండుకి దిగాడు. బాబాయ్, 154. చెప్పాలనిపించింది.

మందుల కొట్టు బాబాయ్ · ఫిబ్రవరి 3, ఉదయం 8:00

గజ్జల్లో పట్టేస్తోందా అని అడుగు వాణ్ణి.

సాయంత్రం సంగతులు · ఫిబ్రవరి 3, ఉదయం 8:04

లేదంట. బాసింపట్టు వేసుకుని కూర్చుని మరీ చెప్పాడు.

పీఈటీ మాస్టారు · మార్చి 30, సాయంత్రం 4:20

రెండు వైపులా డీకంప్రెషన్ అయ్యి అయిదు వారాలు. కుడికాలి మీద ఇంకా పూర్తి బరువు వేయనివ్వట్లేదు, రెండు చంకకర్రలు. స్కూలు వాళ్ళు కుర్చీ వేసి విజిల్ ఇచ్చారు. ఖోఖో కూర్చునే పద్ధతి ఇప్పుడు ఏడో తరగతి పిల్ల చూపిస్తోంది, నాకన్నా బాగా. పంట్లాం తొడుక్కోడానికి చివర కొక్కెం కట్టిన కర్ర ఒకటి మా నాన్న చేసిపెట్టాడు. ఎమ్మారై డబ్బుల మాట మళ్ళీ ఎత్తలేదు.

పొట్లం ఫలితం ఇంకా రాలేదు. ఇప్పుడు నా బాధ అది కాదు. మా పెద్దమ్మ ఆ పొడి మోకాళ్ళకి నాలుగేళ్ళుగా వాడుతోందట. "నాకు పడింది, నీకు పడలేదు" అంటోంది. ఆవిడకీ ఈ మధ్య మొఖం ఉబ్బింది, సుగరు పెరిగింది. మానేయమంటే నాకు అయినట్టే అవుతుందని భయం, వాడమంటే నోరు రావట్లేదు. బతిమాలి బతిమాలి రేపు పొద్దున్న రక్తపరీక్షకి ఒప్పించాను. ఖాళీ కడుపుతో తీసుకెళ్ళాలా?

కట్లూ కర్రలూ · మార్చి 30, రాత్రి 10:35

కార్టిసాల్‌కి పరగడుపు అక్కర్లేదు, టైమే ముఖ్యం. ఎనిమిదికల్లా రక్తం తీయించండి. సుగరు కూడా చూపించండి, దానికోసమైతే ఏమీ తినకుండా రమ్మనండి. రేపటి పొట్లం మాత్రం రక్తం ఇచ్చాక వేసుకోమనండి, ముందు కాదు. డాక్టరు చెప్పేదాకా మానొద్దని కూడా చెప్పండి. గజ్జల్లో నొప్పి ఉందేమో మీరే అడిగి చూడండి, మీరైతే ఆవిడ దాచదు.

పీఈటీ మాస్టారు · మార్చి 30, రాత్రి 10:41

అడిగాను. "గజ్జల్లో కాదురా, మోకాలే" అంది.

కట్లూ కర్రలూ · మార్చి 30, రాత్రి 10:43

రేపు కాలు లోపలికి తిప్పి చూడమనండి.